పోటీ పిస్తోలులో రికాయిల్ సర్దుబాటు

తుపాకీ పేలినపుడు అది కాల్చేవాని చేతిని వెనుకకు తన్నడాన్ని రికాయిల్ అంటారు. వేగంగా కాల్చవలసిన పిస్తోలు పోటీలలో, ఒక గుండు వెళ్ళిన తరువాత పైకి లేచిన సైటు మరల గురి మీదకు ఎంత త్వరగా, ఎంత కచ్చితంగా తిరిగి వస్తుందన్నది గెలుపోటములను నిర్ణయించే అంశాలలో ఒకటి. ఇందుకోసం పిస్తోలు బరువును, లోపలి స్ప్రింగులను, తూటాలోని గుండు బరువును, మందు రకాన్ని ఒకదానితో ఒకటి పొసిగేలా అమర్చుకోవడమే రికాయిల్ సర్దుబాటు. ఈ పద్ధతి ముఖ్యంగా అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య (ఐ.పి.ఎస్.సి.) పోటీలలోను, దాని అమెరికా శాఖ అయిన యు.ఎస్.పి.ఎస్.ఎ. పోటీలలోను వృద్ధి చెందింది. సొంతంగా తూటాలు కూర్చుకోవడానికి చట్టం అనుమతించే దేశాలలో ఇది దాదాపు ప్రతి పోటీదారుడూ ఎంతో కొంత నేర్చుకునే విద్య.

ఈ వ్యాసంలో 'తూటా' అంటే తొడుగు, ప్రైమరు, మందు, గుండు కలిసిన మొత్తం. 'గుండు' అంటే గొట్టం నుండి బయటకు వెళ్ళే లోహపు ముక్క మాత్రమే. వాడుకలో ఈ రెండు మాటలూ కలగలిసిపోతుంటాయి కనుక ముందే చెప్పవలసి వచ్చింది.

భౌతిక సూత్రం

రికాయిల్‌కు మూలం పాఠశాలలో చదువుకునే ద్రవ్యవేగ నిత్యత్వ నియమమే. గుండు ముందుకు తీసుకుపోయే ద్రవ్యవేగానికి సమానమైన ద్రవ్యవేగం పిస్తోలుకు వెనుకవైపుగా వస్తుంది. అయితే గుండుతో పాటు కాలిన మందు తాలూకు వాయువులు కూడా గొట్టం మూతి నుండి బయటకు వస్తాయి. వీటి బరువు తక్కువే అయినా వేగం చాలా ఎక్కువ. లెక్కలలో సాధారణంగా సెకనుకు 4,000 అడుగుల ప్రాంతంలో తీసుకుంటారు. అందువల్ల వాయువుల వాటాను విస్మరించలేము.

ఒక ఉదాహరణ చూద్దాం. 124 గ్రెయిన్ల (సుమారు 8 గ్రాముల) 9 మి.మీ. గుండు సెకనుకు 1,050 అడుగుల (320 మీటర్ల) వేగంతో వెళితే దాని ద్రవ్యవేగం సుమారు 2.57 కి.గ్రా.మీ./సె. లెక్క సౌలభ్యం కోసం మందు 4 గ్రెయిన్లు అనుకుంటే, వాయువుల వల్ల ఇంకో 12 శాతం చేరి మొత్తం 2.9 దాకా వస్తుంది. పిస్తోలు బరువు 1.1 కి.గ్రా. అయితే అది వెనుకకు సెకనుకు 2.6 మీటర్ల వేగంతో కదలడానికి ప్రయత్నిస్తుంది. దాని గతిజశక్తి 3.7 జౌళ్ళు. అదే గుండుకు 400 జౌళ్ళకు పైగా శక్తి ఉంటుంది. ద్రవ్యవేగం సమానమైనా శక్తిలో ఇంత తేడా ఉండబట్టే పిస్తోలును చేతితో పట్టుకుని కాల్చడం సాధ్యమవుతున్నది. పిస్తోలు బరువును 1.4 కి.గ్రా.కు పెంచితే రికాయిల్ శక్తి 3 జౌళ్ళకు పడిపోతుంది.

ఇక రెండవ విషయం, గొట్టం చేతికి పైన ఉంటుంది. తన్ను గొట్టం వెంట నేరుగా వెనుకకు వస్తుంది, దానిని ఆపే చేయి దాని కింద ఉంటుంది. ఈ ఎత్తు తేడా వల్ల బల భ్రామకం ఏర్పడి మూతి పైకి లేస్తుంది. సైటు గురి నుండి తప్పడానికి అసలు కారణం ఈ భ్రమణమే. నేరుగా వెనుకకు వచ్చే తోపు మణికట్టునూ భుజాన్నీ అలసట పెడుతుంది గానీ సైటును అంతగా చెదరగొట్టదు. అందుచేత 'మెత్తగా తన్నే పిస్తోలు', 'సైటు త్వరగా తిరిగి వచ్చే పిస్తోలు' అన్న రెండు మాటలూ ఒకటి కావు. కొత్తగా ఈ క్రీడలోకి వచ్చేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఒక్క కాల్పులో నాలుగు కుదుపులు

స్వయంచాలక పిస్తోలులో రికాయిల్ ఒక్క దెబ్బగా రాదు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1911 నమూనా, ఆ పద్ధతిపై ఆధారపడిన నేటి పిస్తోళ్ళలో అత్యధిక భాగం ఈ కింది విధంగా పనిచేస్తాయి.

మందు అంటుకోగానే గుండు ముందుకు, గొట్టము, స్లైడు కలిసి వెనుకకు కదలడం మొదలుపెడతాయి. గుండు మూతి దాటడానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. అంతలో స్లైడు కదిలేది సుమారు 2 మి.మీ. మాత్రమే. కనుక గుండు బయటపడేనాటికి పిస్తోలు పైకి లేవడం ఇంకా మొదలైందో లేదో అన్నట్లు ఉంటుంది. తరువాత గొట్టం కిందికి వంగి స్లైడు నుండి విడిపోతుంది. స్లైడు ఒక్కటే రికాయిల్ స్ప్రింగును నొక్కుతూ, సుత్తిని వెనుకకు వంచుతూ, ఖాళీ తొడుగును బయటకు లాగుతూ వెనుకకు పరుగెడుతుంది. ఈ ప్రయాణం చివర అది ఫ్రేముకు కొట్టుకుంటుంది. మూతి పైకి లేవడంలో పెద్ద భాగం ఈ దెబ్బతో వస్తుంది. ఆపైన నొక్కుకున్న స్ప్రింగు స్లైడును ముందుకు తోస్తుంది. అది కొత్త తూటాను గొట్టంలోకి నెట్టి ఠక్కున మూసుకుంటుంది. ఈ చివరి దెబ్బ మూతిని కిందికి ముంచుతుంది.

ఈ మొత్తం తతంగం రమారమి సెకనులో ఇరవయ్యవ వంతులో ముగుస్తుంది. ఆరితేరిన పోటీదారులు దగ్గరి గురి మీద ఒక కాల్పుకూ మరో కాల్పుకూ మధ్య 0.15 నుండి 0.20 సెకన్లు మాత్రమే తీసుకుంటారు. అంటే యంత్రం పని పూర్తయిన తరువాత మనిషికి మిగిలేది సెకనులో పదవ వంతు. ఆ పదవ వంతులో సైటు తనంతట తానే గురి మీద నిలిచి ఉంటే తరువాతి కాల్పు సులువవుతుంది. లేకపోతే చేతితో వెతికి తెచ్చుకోవలసి వస్తుంది.

పవర్ ఫ్యాక్టర్

సైటు త్వరగా తిరిగి రావాలంటే బలహీనమైన తూటాలు వాడితే సరిపోతుంది కదా అన్న ప్రశ్న సహజం. దీనిని అడ్డుకోవడానికే పోటీలలో పవర్ ఫ్యాక్టర్ అనే నియమం ఉన్నది. 1976లో అమెరికాలోని కొలంబియా (మిస్సోరి) నగరంలో ఐ.పి.ఎస్.సి. ఏర్పడినపుడు దాని తొలి అధ్యక్షుడు జెఫ్ కూపర్. కచ్చితత్వం, శక్తి, వేగం అన్న మూడింటినీ సమంగా పరీక్షించాలన్నది ఆ సంస్థ ఆదర్శం. ఆ మూడు లాటిన్ మాటలే నేటికీ దాని చిహ్నంపై కనిపిస్తాయి.

గుండు బరువును గ్రెయిన్లలోను, వేగాన్ని సెకనుకు అడుగులలోను తీసుకుని గుణించి 1,000తో భాగిస్తే వచ్చేదే పవర్ ఫ్యాక్టర్. పైన చెప్పిన ఉదాహరణలో ఇది 130.2 అవుతుంది. ఇది శక్తి కాదు, ద్రవ్యవేగం అని పాఠకులు గమనించాలి. తొలినాళ్ళ పోటీలలో తూటాల బలాన్ని బాలిస్టిక్ లోలకంతో కొలిచేవారు. వేలాడదీసిన బరువైన పలకను గుండుతో కొట్టి, అది ఎంత ఊగిందో చూసే ఈ పరికరాన్ని బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్లేయుడు 1742లో వెలువరించిన తన గ్రంథంలో వివరించాడు. లోలకం కొలిచేది ద్రవ్యవేగాన్నే. తరువాత ఎలక్ట్రానిక్ క్రోనోగ్రాఫులు వచ్చినా కొలత మాత్రం మారలేదు.

రెండు సంస్థలలోను కనీస పవర్ ఫ్యాక్టర్ 125. దీనిని 'మైనర్' అంటారు. 'మేజర్' స్థాయి యు.ఎస్.పి.ఎస్.ఎ.లో 165. ఐ.పి.ఎస్.సి.లో ఓపెన్ విభాగానికి 160, స్టాండర్డ్ విభాగానికి 170. పోల్చి చూడడానికి, 230 గ్రెయిన్ల గుండు 830 అడుగుల వేగంతో వెళ్ళే సైనిక .45 తూటా లెక్క 190 దాటుతుంది.

గురి మధ్యభాగం (ఏ) తగిలితే ఎవరికైనా 5 పాయింట్లే. పక్కన తగిలినపుడే తేడా. మేజర్‌కు 'సీ' భాగంలో 4, 'డీ' భాగంలో 2 పాయింట్లు వస్తే, మైనర్‌కు 3, 1 మాత్రమే వస్తాయి. పాయింట్లను సమయంతో భాగించి హిట్ ఫ్యాక్టర్ లెక్కిస్తారు. 24 కాల్పుల ఒక అంచెలో ఇద్దరూ 18 'ఏ'లు, 6 'సీ'లు కొట్టారనుకుందాం. మేజర్ పోటీదారుకు 114, మైనర్ పోటీదారుకు 108 పాయింట్లు. మేజర్ వ్యక్తి 12 సెకన్లలో ముగిస్తే అతని హిట్ ఫ్యాక్టర్ 9.5. దానిని అందుకోవడానికి మైనర్ వ్యక్తి 11.37 సెకన్లలో ముగించాలి. అంటే ఒక్కొక్క కాల్పుకు సెకనులో నలభయ్యవ వంతు చొప్పున ఆదా చేయాలి. రికాయిల్ సర్దుబాటు అంతా ఈ నలభయ్యవ వంతు కోసమే జరుగుతుంది.

పోటీ సమయంలో అధికారులు ప్రతి పోటీదారు నుండి కొన్ని తూటాలు తీసుకుంటారు. ఒకదాని గుండును ఊడదీసి తూస్తారు, మూడింటిని క్రోనోగ్రాఫు మీదుగా కాలుస్తారు. చాలకపోతే మరో మూడు కాల్చి, ఆరింటిలో ఎక్కువ వేగం గల మూడింటి సగటు చూస్తారు. మేజర్ అని చెప్పుకుని అందుకోలేకపోతే మైనర్‌గా లెక్కిస్తారు. 125 కూడా రాకపోతే కాల్చడానికి అనుమతిస్తారు గానీ పాయింట్లు ఉండవు. వేల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చినవారు సైతం ఒకటి రెండు అంకెల తేడాతో ఈ బల్ల దగ్గరే పోటీ పోగొట్టుకోవడం ఉన్నది. అందుచేత అనుభవజ్ఞులు 125 బదులు 129, 130 ప్రాంతంలో తయారుచేసుకుంటారు. మందు చలికి, వేడికి వేరువేరుగా కాలుతుంది. ఒక పిస్తోలు గొట్టం మరొకదాని కంటే నిదానంగా ఉండవచ్చు. అధికారుల క్రోనోగ్రాఫు ఇంటి క్రోనోగ్రాఫుతో ఏకీభవించకపోవచ్చు.

తూటా కూర్పు

ఒకే పవర్ ఫ్యాక్టర్‌ను పలు విధాలుగా సాధించవచ్చు. 9 మి.మీ.లో 115 గ్రెయిన్ల గుండు 1,130 అడుగులతో, 124 గ్రెయిన్లది 1,050తో, 147 గ్రెయిన్లది 885తో వెళితే మూడింటికీ 130 వస్తుంది. మైనర్ విభాగాలలో చాలామంది 147 గ్రెయిన్లదే ఎంచుకుంటారు, అది మెత్తగా ఉంటుందని చెబుతారు.

ఇందులో నిజమెంత? బరువైన గుండును తక్కువ వేగంతో పంపడానికి తక్కువ మందు చాలు. కనుక వాయువుల వాటా తగ్గుతుంది. మందు 4 గ్రెయిన్ల నుండి 3 గ్రెయిన్లకు తగ్గిందనుకుంటే మొత్తం ద్రవ్యవేగం తగ్గేది 3 శాతం లోపే. కాల్చినవారు చెప్పే తేడా దీనికంటే చాలా పెద్దదిగా ఉంటుంది. మిగిలిన తేడాలో కొంత శబ్దానిది కావచ్చు. ధ్వని వేగం సెకనుకు సుమారు 1,125 అడుగులు. 115 గ్రెయిన్ల గుండు ఆ సరిహద్దు దగ్గర ఉండి పదునుగా చప్పుడు చేస్తుంది, 147 గ్రెయిన్లది దానికి చాలా దిగువన ఉంటుంది. చెవికి మెత్తగా వినిపించినది చేతికీ మెత్తగా తోచడం అసహజం కాదు. మరికొందరు పోటీదారులు 147తో స్లైడు మందకొడిగా కదిలినట్లు అనిపిస్తున్నదని చెప్పి 124 వైపు మొగ్గుతారు. ఇందులో ఒకరిది ఒప్పు, మరొకరిది తప్పు అనడానికి వీలులేదు.

మందు విషయంలో త్వరగా కాలేది, నిదానంగా కాలేది అని తేడా ఉన్నది. మైనర్ తూటాలకు త్వరగా కాలే మందు తక్కువ పరిమాణంలో వాడతారు. తక్కువ మందు, తక్కువ వాయువు, తక్కువ తన్ను అన్నది తర్కం. అయితే ఇక్కడే అపాయం కూడా పొంచి ఉన్నది. త్వరగా కాలే మందు తొడుగులో సగం కూడా నిండదు. యంత్రం మీద పరధ్యానంగా ఒకే తొడుగులో రెండుసార్లు పోసినా పొంగిపోదు, కంటికి తెలియదు. అటువంటి తూటా పిస్తోలును బద్దలు చేయగలదు. గుండును తొడుగులోకి ఎంత లోతుగా దించుతారన్నది కూడా ముఖ్యమే. చిన్న తొడుగులలో కొద్దిపాటి లోతు పెరిగినా ఖాళీ స్థలం తగ్గి పీడనం గణనీయంగా పెరుగుతుంది.

రెండవ వైపున, మెత్తదనం కోసం మందు తగ్గిస్తూ పోవడమూ ప్రమాదమే. మరీ తక్కువైతే గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుపోతుంది. వేగంగా కాల్చే అలవాటులో వెంటనే మరో కాల్పు జరిగితే గొట్టం ఉబ్బుతుంది లేదా పగులుతుంది. ఏదైనా కాల్పు శబ్దం బలహీనంగా వినిపించగానే అధికారి 'ఆపు' అని కేక వేయడం ఇందుకే. మందు తయారీదారులు ప్రతి గుండుకు కనిష్ఠ, గరిష్ఠ పరిమాణాలను పట్టికలుగా ప్రచురిస్తారు. వాటిలోని ఆరంభ పరిమాణంతో మొదలుపెట్టి, క్రోనోగ్రాఫుతో కొలుస్తూ స్వల్పంగా పెంచుకుంటూ పోవడం తప్ప వేరు దారి లేదు. ఈ వ్యాసంలోని అంకెలు లెక్క అర్థం కావడానికి ఇచ్చినవి మాత్రమే, వాటిని తూటా తయారీకి వాడరాదు.

స్ప్రింగులు

రికాయిల్ స్ప్రింగు బలాన్ని పౌండ్లలో చెబుతారు. స్లైడు పూర్తిగా వెనుకకు వచ్చినపుడు స్ప్రింగు చూపే బలం ఇది. .45 తూటాకు తయారైన 1911 పిస్తోలులో 16 పౌండ్ల స్ప్రింగు ఉంటుంది. అదే నమూనాలో 9 మి.మీ. మైనర్ తూటాలు కాల్చే పోటీదారులు 8 నుండి 11 పౌండ్ల వరకు వాడతారు.

బలమైన స్ప్రింగు తన్నును 'మింగేస్తుంది' అన్నది విస్తృతంగా ఉన్న అభిప్రాయం. ఇది పూర్తిగా సరికాదు. చేతికి అందే మొత్తం ద్రవ్యవేగం స్ప్రింగు మార్చినంత మాత్రాన మారదు, అది ఎప్పుడు ఎలా అందుతుందన్నది మాత్రమే మారుతుంది. స్లైడు వెనుకకు బయలుదేరినపుడు దానిలో సుమారు 7 జౌళ్ళ శక్తి ఉంటుంది. 5 సెం.మీ. ప్రయాణంలో 16 పౌండ్ల స్ప్రింగు నిల్వ చేసుకోగలిగేది రమారమి 2.5 జౌళ్ళు, 9 పౌండ్లది సుమారు 1.4 జౌళ్ళు. సుత్తి స్ప్రింగు, రాపిడి కొంత తీసుకున్నా, మిగిలినదంతా ఫ్రేమును కొట్టడంతోనే ఖర్చవుతుంది.

నిల్వ అయిన ఆ శక్తి ఊరికే పోదు. స్లైడు తిరుగు ప్రయాణంలో అదే ముందుకు దెబ్బగా మారుతుంది. పై అంకెల ప్రకారం 16 పౌండ్ల స్ప్రింగుతో స్లైడు సెకనుకు 3.5 మీటర్ల వేగంతో మూసుకుంటే, 9 పౌండ్లదానితో 2.6 మీటర్లతో మూసుకుంటుంది. బరువైన స్ప్రింగు పెట్టినవారికి మూతి పైకి కొంత తక్కువ లేచినట్లు అనిపించినా, మూసుకునేటపుడు గురి కిందికి మునుగుతుంది. దానిని చేతితో పైకి తెచ్చుకోవలసి వస్తుంది. మరీ తేలిక స్ప్రింగు అయితే ఈ ముంపు ఉండదు గానీ, ఫ్రేముకు తగిలే దెబ్బ పెరుగుతుంది, స్లైడుకు కొత్త తూటాను పూర్తిగా లోపలికి నెట్టే బలం చాలదు. కావలసినది ఈ రెండింటి నడుమ, సైటు పైకి లేచిన చోటికే దిగి వచ్చి ఆగే స్ప్రింగు.

సుత్తి స్ప్రింగు పాత్రను చాలామంది మరచిపోతారు. స్లైడు కదలడం మొదలుపెట్టగానే అది సుత్తిని వెనుకకు నెట్టాలి. ఆ తొలి క్షణంలో స్లైడు వేగాన్ని తగ్గించేది ఇదే. 1911 పిస్తోలులో స్లైడు వెనుక ఉండే చిన్న పలక (ఫైరింగ్ పిన్ స్టాప్) అడుగు అంచు గుండ్రంగా ఉంటే సుత్తి సులువుగా వంగుతుంది. చదునుగా ఉంటే స్లైడుకు ఎక్కువ శ్రమ. చదును పలకను పెట్టుకుని తేలిక రికాయిల్ స్ప్రింగు వాడితే, వెనుకకు పోయేటపుడు స్లైడు నెమ్మదిస్తుంది, ముందుకు వచ్చేటపుడు ముంపు ఉండదు. అరచేతిలో పట్టే ఈ ఉక్కు ముక్క పెద్ద ఖర్చులేని మార్పులలో మేలైనది.

బరువు, పట్టు

భ్రమణాన్ని ఎదిరించేది జడత్వ భ్రామకం. ఇది దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక పిడి దగ్గర చేర్చిన 100 గ్రాముల కంటే మూతి దగ్గర చేర్చిన 100 గ్రాములు ఎక్కువ పనిచేస్తాయి. టంగ్‌స్టన్ గైడు కడ్డీలు, మందమైన గొట్టాలు, ఉక్కు ఫ్రేములు ఇందుకే వాడతారు. కానీ ముందు బరువైన పిస్తోలును ఒక గురి నుండి మరో గురికి తిప్పడం, సరిగ్గా ఆపడం కష్టం. స్లైడును చెక్కి తేలిక చేస్తే ముందు, వెనుక దెబ్బలు తగ్గుతాయి గానీ స్లైడు వేగం పెరుగుతుంది. దానికి తగినట్లు స్ప్రింగును మళ్ళీ మార్చుకోవాలి.

ఇక పట్టు. నేడు దాదాపు అందరూ వాడే రెండు చేతుల పట్టు, అంటే బొటనవ్రేళ్ళు రెండూ ముందుకు చూసేలా, ఎడమ మణికట్టు ముందుకు వంగి ఉండేలా పట్టుకోవడం, 1980 దశకంలో అమెరికన్ పోటీదారులు రాబ్ లేథమ్, బ్రయన్ ఇనోస్‌ల ద్వారా ప్రాచుర్యం పొందింది. ఇనోస్ 1990లో వెలువరించిన పుస్తకం ఈ క్రీడలో నేటికీ చదువుతారు. వీలైనంత ఎత్తుగా పట్టుకుంటే గొట్టానికీ చేతికీ ఎడం తగ్గి భ్రామకమూ తగ్గుతుంది. పట్టు ప్రతిసారీ ఒకేలా ఉంటే సైటు లేచినా ఒకే దారిన లేచి ఒకే దారిన దిగుతుంది. పట్టు కుదరని దశలో ఖరీదైన భాగాలు కొనడం వలన ఒరిగేది స్వల్పం. పైగా ఏ మార్పు పనిచేసిందో, ఏది పనిచేయలేదో తెలుసుకోవడానికి కూడా వీలుండదు.

కాంపెన్సేటరు

ఓపెన్ విభాగంలో గొట్టం మూతికి కాంపెన్సేటరు అమర్చుకోవచ్చు. ఇది పైవైపు రంధ్రాలున్న గొట్టపు ముక్క. గుండు దాటుతుండగా వాయువులు పైకి చిమ్మి మూతిని కిందికి తోస్తాయి, అడ్డు పలకలను తాకి పిస్తోలును కొంత ముందుకు కూడా లాగుతాయి. 1980 దశకం నుండి .38 సూపర్ తూటా ఈ విభాగంలో పేరు తెచ్చుకోవడానికి కారణం దాని పొడవైన తొడుగులో నిదానంగా కాలే మందు ఎక్కువగా పట్టడం.

ఇక్కడ పైన చెప్పిన తర్కమంతా తలక్రిందులవుతుంది. మైనర్ పిస్తోలులో వాయువు శత్రువు, కాంపెన్సేటరు ఉన్న పిస్తోలులో వాయువే ఇంధనం. అందుకే ఓపెన్ పోటీదారులు తేలిక గుండు, ఎక్కువ మందు ఎంచుకుంటారు. మొత్తం తన్ను పెరుగుతుంది, చప్పుడు పక్కనున్నవారికి భరించరానిదవుతుంది, కానీ సైటు మాత్రం దాదాపు కదలకుండా ఉంటుంది. మెత్తదనానికీ సైటు రాకకూ సంబంధం లేదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. 1990లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిగిన ప్రపంచ పోటీలో డగ్ కేనిగ్ చుక్క సైటు అమర్చిన పిస్తోలుతో గెలిచిన తరువాత, కాంపెన్సేటరు, చుక్క సైటు జంట ఓపెన్ విభాగానికి గుర్తుగా మారిపోయింది. చుక్క సైటులో కదలిక స్పష్టంగా కనిపిస్తుంది కనుక సర్దుబాటు చేసుకోవడమూ సులువే.

పరీక్షించే విధానం

ఒకసారికి ఒక్క మార్పే చేయాలన్నది మొదటి నియమం. తూటా, స్ప్రింగు రెండూ ఒకేరోజు మార్చినవారికి ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు. ముందు పవర్ ఫ్యాక్టర్ తృప్తికరంగా ఉండే తూటాను స్థిరపరచుకుని, ఆ తరువాతే స్ప్రింగులు మార్చి చూడడం మేలు. క్రమం తిరగవేస్తే తూటా మారినపుడల్లా స్ప్రింగు పని మళ్ళీ మొదటికి వస్తుంది.

పది మీటర్ల దూరంలో కాగితం మీద వేగంగా జంట కాల్పులు కాల్చి రెండవ గుండు ఎక్కడ పడుతున్నదో చూడడం పాత పద్ధతి. పట్టు మారకుండా ఉన్నంతవరకు, రెండవది తరచు కిందికి పడితే స్ప్రింగు బరువెక్కువని, పైకి పడితే సైటు పూర్తిగా దిగకముందే ట్రిగ్గరు నొక్కుతున్నారని లేదా స్ప్రింగు చాలలేదని అనుమానించవచ్చు. 7 గజాల దూరం నుండి ఒకే గురి మీద ఆరు కాల్పులు కాల్చే 'బిల్ డ్రిల్' కూడా ప్రసిద్ధం. బిల్ విల్సన్ పేరు మీద దీనికి ఆ పేరు వచ్చింది. శబ్దాన్ని గ్రహించి కాల్పుల మధ్య కాలాన్ని చూపే టైమరు ఇందుకు తప్పనిసరి. నేడు సెకనుకు 240 చిత్రాలు తీసే సెల్‌ఫోను కెమెరాలు చాలామంది దగ్గర ఉన్నాయి. ఒక్కొక్క చిత్రానికి మధ్య 4 మిల్లీసెకన్లే కనుక మూతి ఎంత లేచింది, దిగేటపుడు మునిగిందా లేదా అన్నది లెక్కపెట్టి చూడవచ్చు. 'బాగున్నట్లు అనిపించింది' అన్న మాటకూ టైమరు చూపిన అంకెకూ పొంతన కుదరకపోవడం తరచు జరిగేదే. అటువంటపుడు అంకెనే నమ్మాలి.

ఒలింపిక్ పోటీలలో, భారతదేశంలో

ఒలింపిక్ 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు పోటీలో ఐదు గురులను వరుసగా 8, 6, 4 సెకన్లలో కొట్టాలి. అందులో వాడే .22 లాంగ్ రైఫిల్ తూటా పవర్ ఫ్యాక్టర్ లెక్కలో 40 దరిదాపుల్లోనే ఉంటుంది. అయినా ఒంటి చేత్తో కాల్చాలి కనుక రికాయిల్ పట్టించుకోక తప్పదు. 2005కు ముందు ఈ పోటీలో ఇంకా బలహీనమైన .22 షార్ట్ తూటాను, రంధ్రాలున్న గొట్టాలను వాడేవారు. నియమాలు మారి లాంగ్ రైఫిల్ తప్పనిసరి అయిన తరువాత పిస్తోళ్ళ రూపమే మారిపోయింది. ఇవి రిమ్ ఫైర్ తూటాలు కాబట్టి చేతితో తిరిగి కూర్చుకోవడం కుదరదు. తన పిస్తోలుకు నప్పే కర్మాగారపు తూటాను ఎంచుకోవడం, బరువులు జరపడం వరకే సర్దుబాటు పరిమితం.

ఈ పోటీలో విజయ్ కుమార్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో రజత పతకం సాధించాడు. కాస్త బలమైన .32 తూటాలు వాడే 25 మీటర్ల సెంటర్ ఫైర్ పోటీలో జస్పాల్ రాణా 2006 దోహా ఆసియా క్రీడలలో 590 పాయింట్లతో ప్రపంచ రికార్డును సమం చేస్తూ స్వర్ణం గెలిచాడు. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో మహిళల 25 మీటర్ల పిస్తోలు విభాగంలో జట్టు స్వర్ణాన్ని, వ్యక్తిగత రజతాన్ని పొందింది. మహిళల ఈ పోటీ ర్యాపిడ్ దశలో ప్రతి కాల్పుకూ ముందు చేయి దించి తిరిగి ఎత్తాలి. కనుక సైటు తనంతట తాను తిరిగి రావడం కంటే చేయి ఎత్తే తీరు ముఖ్యమవుతుంది.

ప్రాక్టికల్ షూటింగ్ తరహా సర్దుబాటు భారతదేశంలో పెద్దగా కనిపించకపోవడానికి చట్టమే ప్రధాన కారణం. 9 మి.మీ. తూటా సాధారణ పౌరులకు నిషిద్ధ శ్రేణిలో ఉన్నది. 1959 ఆయుధ చట్టంలోని 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. అందుచేత ఇక్కడి క్రీడాకారులు కర్మాగారపు తూటాల మీదే ఆధారపడతారు. వేరువేరు బ్యాచ్‌ల తూటాలను తమ పిస్తోలులో కాల్చి చూసి, నప్పిన బ్యాచ్‌ను పోటీల కోసం దాచుకుంటారు.